కుంగిన నవారు

దెయ్యాల మాట వస్తే మా స్టాఫ్ రూములో అందరికంటే ముందు నవ్వేది నేనే. హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఫలానా చోట ఎవరో కనిపించారని పిల్లలు చెబితే, ఎంత దూరం నుంచి చూశావు, వెలుతురు ఎటునుంచి వస్తోంది, నీతో ఇంకెవరున్నారు అని వరసగా అడుగుతాను. మూడో ప్రశ్నకే వాళ్ళ కథ ఆగిపోతుంది. చిన్నప్పటి నుంచీ నా తీరు అంతే. చీకటి పడ్డాక నాన్న వెంట చెరకు తోటకు నీళ్ళు కట్టడానికి వెళ్ళినప్పుడు కూడా పాములకు భయపడ్డాను గానీ వేరే దేనికీ భయపడలేదు.

ఇప్పుడైనా నమ్ముతున్నానని అనడం లేదు. నేను వేసే ఆ ప్రశ్నలన్నీ నాకు నేనే వేసుకున్నాను. దూరం తక్కువే. వెలుతురు పట్టపగటి వెలుతురు. చూసింది నేనొక్కదాన్నే కాదు.

మాది నాతవరం అవతల చిన్న ఊరు. డిగ్రీ అయ్యాక నాకు ఎమ్మెస్సీ మాథ్స్‌లో సీటు అనకాపల్లిలో వచ్చింది. యూనివర్సిటీ కింద నడిచే పి.జి. కాలేజీ. రెండు వేల ఆరు, ఏడు ఆ ప్రాంతం. నన్ను హాస్టల్లో పెట్టడం నాన్నకు ఇష్టం లేదు. అన్నయ్య పట్టుబట్టి ఒప్పించాడు. బస్సు ఎక్కించేటప్పుడు నాన్న ఒకటే మాట అన్నాడు.

"ఎల్లు, సదుంకో. కానీ అక్కడేదైనా తేడా జరిగిందని నా సెవిన పడితే మాత్తరం, ఆ రోజే పెట్టి సదురుకుని వచ్చెయ్యాల."

ఆ మాటే తర్వాత చాలా రోజులు నా నోరు కట్టేసింది.

హాస్టల్ కాలేజీ వెనక సందులో మూడంతస్తుల కొత్త బిల్డింగ్. అంతకుముందు అది ఉత్త ఖాళీ స్థలమని, బెల్లం మార్కెట్‌కు వచ్చే బళ్ళు అక్కడ ఆపుకునేవారని అందరూ చెప్పేవారు. అంటే పాత ఇల్లు కాదు, ఎవరూ అక్కడ చనిపోలేదు, ఏ కథా లేదు. తర్వాత నేను గుచ్చి గుచ్చి అడిగాను కూడా. ఏమీ లేదు.

గదులు చిన్నవి. ఇద్దరికి రెండు మంచాలు, రెండు టేబుళ్ళు, పెట్టెలు పడితే నడవడానికి చోటుండదు. అందుకని ఓనరు గారు వెల్డింగ్ షాపులో చెప్పి పొడుగు కాళ్ళ ఇనప మంచాలు చేయించారు. మంచం మన తలకంటే కాస్త ఎత్తులో ఉంటుంది. ఎక్కడానికి కాళ్ళ వైపు చిన్న నిచ్చెన. మంచం కింద ఖాళీలో టేబులు, కుర్చీ, గోడకు బల్బు. రైలు బెర్తులో పైది మాత్రమే ఉంచి కింది దాని చోట టేబులు పెట్టినట్టు అనుకోండి. మేం వాటిని అటక మంచాలు అనేవాళ్ళం. కొత్తలో అందరికీ సరదాగా ఉండేది. ఫ్యాను రెక్కలు దగ్గరగా తిరుగుతుంటే లేచి కూర్చున్నప్పుడల్లా తల వంచుకునేవాళ్ళం.

ఆ మంచాలకు చెక్క లేదు. ప్లాస్టిక్ నవారు అల్లి, దాని మీద పల్చటి దూది పరుపు వేశారు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, పైన ఎవరైనా పడుకుంటే నవారు కిందికి కుంగుతుంది. నా కుర్చీలో కూర్చుంటే ఎదుటి మంచం అడుగుభాగం నాకు పూర్తిగా కనిపించేది. పైభాగం కనిపించేది కాదు. నిలబడ్డా కనిపించేది కాదు, నేను పొట్టిదాన్ని. మంచం మీద ఏముందో చూడాలంటే నిచ్చెన ఎక్కాల్సిందే.

ఎదుటి మంచం ఎస్తేరుది. పాయకరావుపేట అమ్మాయి. వాళ్ళ నాన్నగారికి హైవే పక్కన టైలరింగ్ షాపు. నాలాగే మాథ్స్. నాకంటే బాగా చదివేది, నాకంటే తక్కువ మాట్లాడేది. వాళ్ళ చర్చిలో పాటలు పాడేది కాబట్టి చాలా వారాలు శుక్రవారం సాయంత్రం పాసింజరెక్కి తునిలో దిగి ఇంటికి వెళ్ళేది, సోమవారం పొద్దున్నే తిరిగొచ్చేది. వచ్చేటప్పుడు వాళ్ళమ్మ గారు ఇచ్చిన కజ్జికాయలో, చేపల వేపుడో తెచ్చేది.

నేను కింద చదువుకుంటూ ఉంటే ఆమె పైన పడుకునేది. కొన్నాళ్ళకు నాకు ఆ నవారు చూస్తేనే ఆమె ఎలా పడుకుందో తెలిసిపోయేది. నడుము దగ్గర ఎక్కువ, భుజాల దగ్గర తక్కువ, మోకాళ్ళు ముడుచుకుంటే ఇంకో చిన్న కుంగు. గోడవైపు తిరిగితే బరువంతా అటు జరిగేది. రోజూ చూసేది కాబట్టి అదొక వింతగా ఎప్పుడూ అనిపించలేదు.

దసరా సెలవులు అయ్యాక ఒక శనివారం. ముందు రోజు సాయంత్రం నేను లైబ్రరీలో ఉండిపోయాను, రాత్రి పక్క గదిలో చదువుకుంటూ అక్కడే నిద్రపోయాను, ఎస్తేరు ఊరెళ్ళిందో లేదో పట్టించుకోలేదు. శనివారం మధ్యాహ్నం క్లాసులు లేవు. గదికొచ్చి కుర్చీలో కూర్చుని తలెత్తి చూస్తే ఎదుటి నవారు కుంగి ఉంది.

"ఏటే, ఊరెళ్ళలేదా?" అన్నాను.

పలకలేదు. బరువు నెమ్మదిగా గోడవైపు జరిగింది. ఇనప గొట్టం కిర్రుమంది. తలనొప్పో, కడుపునొప్పో అయ్యుంటుందని, కిటికీ తెర లాగి చప్పుడు చేయకుండా చదువుకున్నాను. భోజనానికి వెళ్ళినప్పుడు ఎస్తేరు పడుకుందని చెప్పి, ఒక పళ్ళెంలో అన్నం, పప్పు పెట్టించుకుని తెచ్చి ఆమె టేబులు మీద మూత పెట్టి ఉంచాను. అప్పుడు కూడా పైన ఉంది. సాయంత్రం బజారుకెళ్ళి వచ్చేసరికి నవారు సమంగా ఉంది. అన్నం ముట్టుకోలేదు. ఆలస్యంగా బయల్దేరి ఊరెళ్ళిందేమో అనుకుని ఊరుకున్నాను.

సోమవారం ఎస్తేరు బ్యాగుతో వచ్చింది. అన్నం ముట్టుకోకుండా వెళ్ళిపోయావేమని దెబ్బలాడాను.

"ఏ అన్నం? నేను శుక్రవారం నాలుగింటి బండికే వెళ్ళిపోయేను కదే. నువ్వు లైబ్రరీలో ఉన్నావు" అంది.

"మరి శనివారం పడుకున్నదెవరు?"

"నాకేటి తెలుసు. ఎవరో వచ్చి పడుకునుంటారు."

నవ్వాను. పక్క గది అమ్మాయి ఎవరో వచ్చి పడుకుని ఉంటుందని నేనూ అనుకున్నాను. ఎస్తేరు మాత్రం నవ్వలేదు. బ్యాగు సర్దుకుంటూ, పైకి ఒకసారి చూసి, వెంటనే కళ్ళు దించుకుంది. ఆ సంగతి నాకు చాలా తర్వాత గుర్తొచ్చింది.

పక్క గదుల్లో అడిగాను. మా గదిలో ఎవరూ పడుకోలేదన్నారు. అబద్ధం చెప్పాల్సిన పని వాళ్ళకు లేదు. అయినా ఎవరో సిగ్గుపడి చెప్పడం లేదని సరిపెట్టుకున్నాను.

తర్వాత నాకు జ్వరం వచ్చింది. అందరూ కాలేజీకి వెళ్ళారు. నేను నా మంచం మీద ముసుగు పెట్టుకుని పడుకున్నాను. అక్కడి నుంచి ఎస్తేరు మంచం పైభాగం సూటిగా కనిపిస్తుంది. పరుపు మీద నీలం గళ్ళ దుప్పటి మడత పెట్టి, దాని మీద దిండు. పొద్దున్న ఆమె ఎలా పెట్టి వెళ్ళిందో అలాగే ఉంది.

దాహమేసి కిందికి దిగాను. చెంబులో నీళ్ళు తాగి, ఓపిక లేక కుర్చీలో కూలబడ్డాను. తలెత్తాను.

నవారు కుంగి ఉంది. నడుము, భుజాలు, ముడిచిన మోకాళ్ళు.

జ్వరం వల్ల అనుకున్నాను. కళ్ళు నలుపుకున్నాను. లేచి గది మధ్యకు వచ్చి మళ్ళీ చూశాను. అలాగే ఉంది. పైన ఖాళీ పరుపు నేను ఇప్పుడే కదా చూసింది.

నాకు అప్పుడు ఎక్కడి నుంచి ధైర్యం వచ్చిందో తెలియదు. తేల్చుకోకపోతే ఆ గదిలో ఇక ఉండలేనని మాత్రం తెలుసు. ఆమె నిచ్చెన పక్కన నిలబడి, చెయ్యెత్తి అరచెయ్యి నవారుకు ఆనించాను. బిగుసుకుని ఉంది. పైకి నెట్టాను, లేవలేదు. నిద్రపోతున్న మనిషి మంచం కింద చెయ్యి పెట్టి నెడితే ఎలా ఉంటుందో అలాగే. ఆ చెయ్యి తియ్యకుండానే నిచ్చెన మీద కాలు పెట్టి, రెండో చేత్తో పైన పరుపు తడిమాను. పరుపు సమంగా, చల్లగా ఉంది. దుప్పటి మడత కూడా చెదరలేదు.

పై చేతికి ఏమీ లేదు. కింది చేతికి ఒక మనిషి బరువు.

అలా నిలబడి ఉండగా కింది చేతికి ఇంకోటి తెలిసింది. ఆ బరువు నిశ్చలంగా లేదు. కొద్దికొద్దిగా పైకీ, కిందికీ ఆడుతోంది. ఊపిరి తీసినట్టు.

ఎలా దిగానో గుర్తు లేదు. మెట్ల దగ్గరికి వెళ్ళి అక్కడే కూర్చున్నాను. కాలేజీ నుంచి అందరూ వచ్చేదాకా లేవలేదు. ఎస్తేరు నన్ను చూసి, జ్వరంతో గచ్చు మీద కూర్చున్నావేమిటని అడిగింది. గదిలో ఉక్కగా ఉందన్నాను. ఆమె ఇంకేమీ అడగలేదు.

ఎవరికి చెప్పను? ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ ఏడుస్తుంది, నాన్న మర్నాడే బస్సెక్కి వస్తాడు. చదువు అక్కడితో సరి. హాస్టల్లో చెబితే నవ్వుతారు, లేదా భయపడతారు, ఏదైనా చివరికి నాన్న దాకా పోతుంది. ఎస్తేరుకు చెబుదామంటే, ఆ మంచం మీద పడుకునేది ఆమె. రోజూ దాని మీదే నిద్రపోవాల్సిన మనిషికి ఆ మాట ఎలా చెప్పడం?

అప్పటి నుంచి నాకు చదువు ఎక్కలేదు. పుస్తకం తెరిస్తే కళ్ళు పైకి పోయేవి. ఎస్తేరు గదిలో ఉందని చెప్పుల జత చూసి రూఢి చేసుకున్నాకే లోపలికి వెళ్ళేదాన్ని. ఆమె లేకపోతే, రాత్రయినా సరే, వరండాలోనే చాప వేసుకుని ఉండేదాన్ని. లోపల ఆమె పడుకుని ఉంటే కూడా నవారు చూసి, ఇది ఆమె బరువేనా అని అనుమానం. పిలిచేదాన్ని. పలికితే ఊపిరి వచ్చేది. పాపం, ఊరికే పిలుస్తున్నానని ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

ఇంకో భయం నెమ్మదిగా పట్టుకుంది. నేను పడుకున్నప్పుడు నా కింద ఏముందో నాకు కనబడదు. నేను లేనప్పుడు నా మంచం ఎలా ఉంటుందో అసలే తెలియదు. నా కుర్చీ నా మంచం కిందే ఉండేది గానీ, అక్కడ కూర్చుని నేను ఎప్పుడూ నిటారుగా పైకి చూడలేదు. ఇప్పుడు చూడాలంటే మెడ తిరిగేది కాదు.

ఇంటర్నల్ పరీక్షల్లో మార్కులు పడిపోయాయి. అన్నయ్య హాస్టల్ ఫోనుకు చేసి ఏమైందని అడిగాడు. సిలబస్ కష్టంగా ఉందన్నాను. ఫోను పెట్టేశాక అక్కడే నిలబడి చాలాసేపు ఏడ్చాను.

ఈ గొడవలో నేను సరిగా పట్టించుకోనిది ఒకటుంది. ఎస్తేరు కూడా మారిపోయింది. ప్రతి వారం ఊరెళ్ళడం మొదలుపెట్టింది. క్లాసులు ముందుగా అయిపోయినా గేటు దగ్గర నా కోసం నిలబడి ఉండేది, ఇద్దరం కలిసే గదికి వచ్చేవాళ్ళం. సెమిస్టరు పరీక్షల బెంగ అనుకున్నాను.

ఒక ఆదివారం ఆమె ఊరెళ్ళలేదు. మధ్యాహ్నం, కరెంటు పోయి ఫ్యాను ఆగింది. నేను నా మంచం మీద ఉన్నాను, ఆమె కింద ఆమె కుర్చీలో రాసుకుంటోంది. ఉన్నట్టుండి ధైర్యం తెచ్చుకుని అడిగాను.

"ఎస్తేరూ, ఒక్కసారి నా మంచం కింద చూడవే. నవారు వదులైందేమో చెప్పు."

కలం చప్పుడు ఆగింది.

"ఎస్తేరూ."

"కిందికి దిగు" అంది.

"ఎందుకు?"

"దిగు రత్నం. దిగి చెప్పులేసుకో. డాబా మీదికి పోదాం."

ఆమె గొంతు మామూలుగానే ఉంది. అదే నన్ను భయపెట్టింది. వెనక్కి చూడకుండా దిగాను. ఆమె నా చెయ్యి పట్టుకుని డాబా మీదికి తీసుకెళ్ళింది. ఆరేసిన బట్టల మధ్య కూర్చున్నాం. మార్కెట్ వైపు నుంచి బెల్లం వాసన వస్తోంది. ఆమె తల దించుకునే చెప్పింది.

"నువ్వు లేనప్పుడు నీ మంచం కుంగుతంది. దసరా ముందు నుంచీ చూత్తన్నాను. చెప్తే నవ్వుతావని చెప్పలేదు. అమ్మకి చెప్తే ఆ రోజే చదువు మానిపించేత్తాది."

అప్పుడు నేనూ నా సంగతి చెప్పాను. శనివారం అన్నం పెట్టి ఉంచిందీ, జ్వరం రోజు చెయ్యి పెట్టి చూసిందీ, అన్నీ. ఆమె ఆశ్చర్యపోలేదు. తలూపుతూ వింది. ఇద్దరం ఒకే భయాన్ని, ఒకే కారణానికి, ఒకరి నుంచి ఒకరం ఇన్నాళ్ళూ దాచుకున్నాం.

"మరి ఇందాక నేను మంచం మీదే ఉన్నాను కదా. నువ్వెందుకు దిగమన్నావు?" అని అడిగాను.

"నువ్వు ఏ వైపు పడుకున్నావు?"

"ఈ వైపే. గది మధ్య వైపు."

"ఔను. అక్కడ నువ్వు కనిపించేవు" అంది. నా చెయ్యి మళ్ళీ పట్టుకుని, "గోడవైపు ఇంకొకటి కుంగి ఉంది" అంది.

ఆ రోజు నుంచి మేం ఆ గదిలో పడుకోలేదు. కలిసి చదువుకుంటున్నామని చెప్పి పక్క గదిలో అమ్మాయిలతో కింద పరుపు వేసుకున్నాం. బట్టలకు, పుస్తకాలకు ఇద్దరం కలిసి వెళ్ళి, పైకి చూడకుండా తీసుకుని వచ్చేసేవాళ్ళం. ఎస్తేరు లోపలికి వెళ్ళే ముందు పెదాలు కదుపుతూ ప్రార్థన చేసుకునేది. నేను ఆమె చున్నీ కొస పట్టుకునేదాన్ని.

చివరికి మేట్రన్ గారి దగ్గరికి వెళ్ళాం. సత్యవతి గారని, కశింకోట ఆవిడ. పెద్ద నోరు, నడుముకు తాళాల గుత్తి. ఆవిడంటే అందరికీ హడలు గానీ, ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే రాత్రంతా పక్కన కూర్చునే మనిషి. ఉన్నమాట చెప్పలేక, నవారు వదులైపోయింది, పడిపోతామని భయంగా ఉంది, గది మార్చండి అన్నాం.

ఆవిడ గది మార్చలేదు. మంచాలు చేసిన షాపతన్ని పిలిపించి నవారు మళ్ళీ బిగించమన్నారు. అతను పైకెక్కి, గుద్ది చూసి, "గట్టిగానే ఉందమ్మా, ఎక్కడా జారలేదు" అన్నాడు. అయినా చెప్పారు కాబట్టి రెండు మంచాలకూ ఇంకా బిగించి వెళ్ళాడు. వేలితో కొడితే టంగుమనేలా ఉంది. మాకు కొంచెం ఆశ కలిగింది. అయినా ఆ గదికి తిరిగి వెళ్ళడానికి కాళ్ళు రాలేదు.

తర్వాతి వారం, కాలేజీకి బయల్దేరబోతుంటే మేట్రన్ గారు మా ఇద్దర్నీ ఆపారు.

"నవారు బిగించీసేరు కదా. ఇంకా పక్క గదిలో పడుకోడమేటి? మిమ్మల్నేటి గచ్చు మీద పడుకోమని పంపించేరా మీవోళ్ళు? పదండి, నేనూ వత్తాను" అన్నారు.

ముందు ఆవిడ, వెనక మేం. తలుపు తాళం వేసి ఉంది. ఆవిడే గుత్తిలోంచి తీసి తెరిచారు. కిటికీ లోంచి ఎండ గది మధ్యదాకా పడుతోంది. ఆవిడ లోపలికెళ్ళి, టేబుళ్ళ మీది దుమ్ము చూసి గొణుక్కుంటూ, వంగి మా పెట్టెలు పక్కకు జరిపారు. నడుము ఎత్తుతూ పైకి చూశారు. ఎస్తేరు మంచం వైపు.

"ఎవురది?" అన్నారు. "పొద్దెక్కిందాకా పడుకోడమేటి? కాలేజీకి ఎల్లవా?"

మేమిద్దరం గుమ్మంలో ఉన్నాం. నాకు ఆవిడ వీపు, ఆవిడ తల మీదుగా నవారు కనిపిస్తున్నాయి. కొత్తగా బిగించిన నవారు. నిండు మనిషి బరువుతో కుంగి ఉంది.

ఆవిడ తాళాల గుత్తితో మంచం గొట్టం మీద కొట్టారు.

"నిన్నే. పిలుత్తంటే పలకవేటి? లెగు."

నవారు కదిలింది.

ముందు భుజాల దగ్గర కుంగు తేలిపోయింది. తర్వాత మోకాళ్ళది. పొడుగ్గా పరుచుకున్న బరువంతా మెల్లగా ఒకచోటికి వచ్చి, గుండ్రంగా, ఇంకా కిందికి దిగింది. పడుకున్న మనిషి లేచి కూర్చుంటే ఎలా ఉంటుందో అలా. నేను ఆ దృశ్యం ఎస్తేరు నిద్రలేచిన ప్రతి పొద్దునా చూశాను. పొరబడే అవకాశం లేదు.

ఎస్తేరు నా మణికట్టు పట్టుకుంది. నా గాజుల చప్పుడుకు మేట్రన్ గారు వెనక్కి తిరిగారు. మా ఇద్దర్నీ చూశారు. నన్ను, ఎస్తేరును, మళ్ళీ నన్ను. అప్పుడు ఆవిడకు తెలిసింది, తాళం తీసింది తానేనని, ఆ గదిలో ఉండాల్సిన ఇద్దరూ ఎదురుగానే నిలబడి ఉన్నారని.

ఆవిడ అరవలేదు. పరుగెత్తలేదు. మంచం వైపు ముఖం పెట్టి, చేతులు వెనక్కి చాపి మమ్మల్ని నెట్టుకుంటూ అడుగు వెనక అడుగు వేసి బయటికి వచ్చారు. గుండ్రటి కుంగు నిచ్చెన వైపుకు జరగడం మొదలైంది. ఆవిడ తలుపు మూసి తాళం వేశారు. పడిందో లేదోనని రెండుసార్లు లాగి చూశారు.

"మీ పుస్తకాలు నేను తెప్పిత్తాను. మీరు లోపలికి ఎల్లకండి" అన్నారు. అంతే. ఏమీ అడగలేదు. మేం ఇంతకాలం ఏం చూశామో, ఎందుకు చెప్పలేదో, ఒక్క మాట కూడా అడగలేదు.

రెండు రోజుల్లో ఆ మంచాలు కోసి పట్టుకుపోయారు. గదిలో బకెట్లు, విరిగిన కుర్చీలు పడేశారు. మాకు కింది అంతస్తులో మామూలు మంచాల గది ఇచ్చారు. మిగతా గదుల్లో అటక మంచాలు అలాగే ఉన్నాయి. ఆ అమ్మాయిలందరూ హాయిగా నిద్రపోయారు, ఎవరికీ ఏమీ కాలేదు. మేం ఎవరికీ చెప్పలేదు. నాన్నకు ఈ రోజు వరకూ తెలియదు.

నిద్ర కుదిరాక చదువు కూడా కుదిరింది. ఎస్తేరుకు ఫస్ట్ క్లాసు, నాకు కొద్దిలో తప్పింది. ఇప్పుడామె ఒక జూనియర్ కాలేజీలో లెక్చరరు. తరచుగా ఫోన్లు చేసుకుంటాం, పిల్లల గురించి, ట్రాన్స్‌ఫర్ల గురించి మాట్లాడుకుంటాం. ఆ గది గురించి ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు. నేను ఎత్తబోతే ఆమె మాట మారుస్తుంది. ఆమె ఎత్తబోయినప్పుడు నేనూ అదే చేశాను.

హాస్టల్ ఖాళీ చేసే రోజు మేట్రన్ గారి దగ్గర సెలవు తీసుకోవడానికి వెళ్ళాను. ఒంటరిగా ఉన్నారు. ఇక మళ్ళీ కలుస్తామో లేదోనని అడిగేశాను.

"ఆ రోజు మీరు చూసేరు కదండీ. అదేటంటారు?"

ఆవిడ గుత్తి ఒళ్ళో పెట్టుకున్నారు. తాళాలు ఒక్కొక్కటీ తిప్పుతూ కూర్చున్నారు.

"ఏటో నాకు తెల్దమ్మా. గాలనుకుందారంటే గాలికి సెవులుండవు కదా. నేను లెగమన్నాను, అది లెగిసింది. నేను పిలవకుండా ఉంటే బాగుండు" అన్నారు.

నేను చాలా ఆలోచించాను. ఎండకు ప్లాస్టిక్ సాగుతుంది, చల్లబడితే బిగుస్తుంది, నిజమే. కానీ సాగిన నవారు ఒకేలా సాగుతుంది, మోకాళ్ళు ముడుచుకోదు. జ్వరంలో భ్రమ పడ్డాననుకుంటే, శనివారం నాకు జ్వరం లేదు. ఒకరి భయం ఒకరికి అంటుకుందనుకుంటే, ఎస్తేరు, నేను చెప్పుకోకముందే వేరువేరుగా చూశాం. మేట్రన్ గారికైతే ఎవరూ ఏమీ చెప్పనే లేదు. పిల్లల్ని అడిగే ప్రశ్నలన్నీ అయిపోయాక కూడా ఆ బరువు అలాగే మిగిలిపోతోంది.

మొన్న జూన్‌లో మా అమ్మాయిని ఇంటర్ రెసిడెన్షియల్ కాలేజీలో చేర్చాం. గదిలోకి వెళ్తే పైన మంచం, కింద టేబులు. రంగు వేసిన మంచం, గుండ్రటి మెట్లు, లైటు, ఫోను చార్జింగ్ పెట్టుకోవడానికి ప్లగ్గు. అమ్మాయి చూడగానే మురిసిపోయి ఎక్కేసి పడుకుంది. మా ఆయన ఫోటో తీశారు. నేను కింద కుర్చీలో కూర్చున్నాను. చాలాసేపు అటూ ఇటూ చూసి, చివరికి తలెత్తాను.

దళసరి ప్లైవుడ్డు. పైన మా అమ్మాయి దొర్లుతోంది, నవ్వుతోంది. చెక్క ఒక్క వెంట్రుకంత కూడా కుంగలేదు. పైన ఎవరున్నారో, ఎంతమంది ఉన్నారో కింద కూర్చున్నవాళ్ళకు ఏమీ తెలియదు.

గట్టి మంచమని మా ఆయన మెచ్చుకున్నారు. అది మంచిదో కాదో నేను ఇంకా తేల్చుకోలేకపోతున్నాను.